సుదర్శనం మాస్టారి దోనె పాట

2005లో ఏలూరు పవర్‌పేటలో నాకు కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. ముందు ఇంటర్నెట్ సెంటరు, తెర వెనక నా టేబులూ స్క్రూడ్రైవర్లూను. ఆడమనిషి సీపీయూ విప్పుతుంటే చూసి కూడా, వచ్చినవాళ్ళలో సగం మంది "మెకానిక్ గారు లేరాండీ?" అని అడిగేవారు. "ఉన్నారు, కూర్చోండి" అని నా పని నేను చేసుకునేదాన్ని. నాకు నోరు పెద్దదని పేరు. ఆ పేరు వల్ల బేరాలాడేవాళ్ళు తగ్గారు కాబట్టి నాకేమీ బాధ లేదు.

కొల్లేటి లంకలో ఒక ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలు టీచరు సుదర్శనం గారు. యాభై దాటిన మనిషి. ఎవరినీ 'గారు' లేకుండా పిలవరు. కండక్టరు గారు, ఆటో గారు. మా గుమ్మంలో పడుకున్న కుక్కను కూడా "కాస్త తప్పుకుంటారా" అని అడగడం నేను చెవులారా విన్నాను.

ఆ వేసవిలో ఆయన సీపీయూని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. నెట్ మరీ నెమ్మదించిందట. ఆన్ చేసి చూస్తే పీర్-టు-పీర్ ప్రోగ్రాం ఒకటి నడుస్తోంది. అంటే మధ్యలో పెద్ద గోడౌన్ ఏమీ ఉండదు. నా కంప్యూటర్లో ఉన్న ఫైలు మీరు తీసుకుంటారు, మీ దాంట్లోది నేను తీసుకుంటాను. పక్కింటికి పెరుగు తోడు ఇచ్చినట్టే, ఇచ్చినా మనది తరగదు. కాకపోతే ఏ ఫోల్డరు ఇస్తున్నామో మనమే చెప్పాలి. దాన్ని షేర్డ్ ఫోల్డర్ అంటారు. మాస్టారు డి డ్రైవ్ మొత్తం షేర్ చేసేశారు.

"ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది ఏమడిగిందో చదివారా మాస్టారూ?"

"చదివానండి. అంత మర్యాదగా ప్లీజ్ అని అడుగుతుంటే కాదనలేక అన్నిటికీ ఎస్ అన్నానండి."

నాకు నవ్వూ కోపం కలిసి వచ్చాయి. "ఇంటి తలుపులు తీసి వీధిలో పెట్టారండీ మీరు. ఫోటోలు, పిల్లల మార్కులు, అన్నీ ఎవరెవరో పట్టుకుపోతున్నారు" అని చెడామడా తిట్టాను. ఆయన తల వంచుకుని విన్నారు. ఆ షేరింగ్ తీసేసి పంపించాను.

వానలు వెనకబట్టాక మళ్ళీ వచ్చారు. ఈసారి హార్డ్ డిస్క్ టక్ టక్ మంటోంది. డిస్కు మీద రాతను చదివే చిన్న ముల్లుని హెడ్ అంటారు, అది పోయింది. హైదరాబాదులో డేటా రికవరీ చేసేవాళ్ళకి పంపించాను. వాళ్ళూ చేతులెత్తేసి తిప్పి పంపారు. ఆ మాట చెప్పినా మాస్టారు కుర్చీలోంచి లేవలేదు.

"అందులో మా అమ్మగారి పాట ఉందండి" అన్నారు.

వాళ్ళమ్మ సంతోషమ్మ గారు బైబిల్ ఉమన్. మిషన్ వారి తరఫున లంక గ్రామాలకు వెళ్ళి వాక్యం చెప్పేవారు. తాటిమాను తొలిచి చేసిన దోనెలో తిరుగుతూ తనే కట్టుకున్న పాట ఒకటి పాడేవారు. మాస్టారు దాన్ని ఎప్పుడో క్యాసెట్లో పట్టి, కంప్యూటర్ కొన్నాక అందులోకి ఎక్కించారు. క్యాసెట్ కొల్లేటి తేమకి బూజు పట్టి పోయింది. ఇప్పుడు ఆవిడకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

"మాట పోయిందన్న బెంగతో తిండి మానేశారండి. నోరు తెరవరు. డాక్టరు గారు కూడా మనసుకే ధైర్యం కావాలన్నారు. ఆవిడ గొంతు ఆవిడకోసారి వినిపిస్తే తింటారేమోనని నా ఆశండి."

ఆయన్ని బస్సెక్కించి వచ్చి కూర్చున్నాక నాకు తట్టింది. తలుపులు తీసి పెట్టారని నేను తిట్టిన ఆ నెలల్లో, ఎవరో ఒకరు ఆ పాట పట్టుకెళ్ళి ఉండకూడదా? వెంటనే నా మెషిన్లో అదే ప్రోగ్రాం ఎక్కించాను. దొరికేదాకా వదలకూడదని గట్టిగా అనుకున్నాను.

వెతకడం పేరుతోనే వెతకాలి. మాస్టారికి తాను పెట్టిన పేరు గుర్తు లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో దోనె అని రాస్తే డి, ఓ, ఎన్, ఇ. అది కాస్తా 'డన్' అయి కూర్చుంది! ఊళ్ళో లేని ఇంగ్లీషు పాటలన్నీ వచ్చి పడ్డాయి. హెచ్ చేర్చాను, వై చేర్చాను. 'పాట'కి ఒక ఏ, రెండు ఏలు, రెండు టీలు. 'అమ్మ' అంటే సినిమాల్లో తల్లులందరూ వరస కట్టారు. పైగా అవతలివాళ్ళు కంప్యూటర్ ఆన్ చేసి ఉంటేనే వాళ్ళ ఫైళ్ళు కనిపిస్తాయి. అందుకని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మళ్ళీ మళ్ళీ అవే మాటలు కొట్టేదాన్ని. సెంటర్లో కూర్చునే కాలేజీ పిల్లలు "మేడమ్ గారికి పాటల పిచ్చి పట్టింది" అని గుసగుసలాడారు. పట్టనీ అనుకున్నాను.

ఒక రోజు మాస్టారు ఫోన్ చేశారు. "మా అమ్మగారు ఇవాళ జావ కూడా ఉమ్మేశారండి."

జాలితో పాటు ఇంకోటి తగిలింది నాకు. కుక్కకు కూడా మర్యాద ఇచ్చే మనిషి, కన్నతల్లి పాటకు ఉత్త 'అమ్మ' అని పేరు పెడతారా? ఫోన్ పెట్టేసి 'అమ్మ' పక్కన 'గారు' చేర్చి కొట్టాను. లేదు. తెలుగు చెప్పే మాస్టారు విభక్తి తప్పుతారా అని చివరి అక్షరం మార్చి 'గారి' అని కొట్టాను. ఒకే ఒక్క వరుస వచ్చింది. ఆ స్పెల్లింగుని ఉన్నదున్నట్టు చదివితే 'మా అమ్మ గారి డోనీ పట్ట'.

కుర్చీలోంచి ఎగిరి లేచాను. డౌన్‌లోడ్ సగమైనా కాకుండా ఆగిపోయింది. అవతలివాళ్ళు కంప్యూటర్ ఆపేశారు. మర్నాడు మళ్ళీ కనిపించగానే, ఆ ప్రోగ్రాంలో ఉండే మెసేజ్ పెట్టెలో సంగతంతా రాశాను. కాసేపటికి ఇంగ్లీషు అక్షరాల తెలుగులో జవాబు వచ్చింది.

"ఈవిడ ఎవరో తెలీదు గానీ మా ఇంట్లో రోజూ వింటామండి. పూర్తయ్యేదాకా ఆపను లెండి."

ఊరూ పేరూ చెప్పలేదు. 'లెండి' అన్నారు కాబట్టి మన వైపు వాళ్ళే అయ్యుంటారు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

సీడీలోకి ఎక్కించి, షాపు మూసేసి నేనే తీసుకెళ్ళాను. మంచం పక్కన ప్లేయర్ పెట్టాం. సంతోషమ్మ గారు గోడ వైపు తిరిగి ఉన్నారు. పాట మొదలైంది. నీటిలో గెడకర్ర వేసి దోనె నడిపినట్టు నిదానమైన గొంతు. రెండో చరణంలో ఉన్నట్టుండి పాట ఆగి, అదే గొంతు గట్టిగా అరిచింది.

"ఒరేయ్ సుదర్శనం! ఆ చేపల మీద మూతెయ్యరా, పిల్లి వచ్చేత్తంది!"

మాస్టారు చటుక్కున లేచి వంటింట్లోకి పరిగెత్తారు.

మంచం మీద నుంచి ఏదో చప్పుడు. ఏడుపనుకుని భయపడ్డాను. కాదు, నవ్వు. మాట పడిపోయిన గొంతులోంచి గుర్రు గుర్రు మంటూ నవ్వు. వంటింట్లో చేపలు లేవని తెలుసుకుని మాస్టారు సిగ్గుపడుతూ తిరిగొచ్చేసరికి ఆవిడ ఇటు తిరిగి ఉన్నారు. కోడలు జావ స్పూను పట్టుకెళితే నోరు తెరిచారు. ఆ పూట గిన్నె ఖాళీ అయింది. నేను కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చి ఏడ్చాను.

మెషిన్ పోతే మెషిన్నే చూడాలని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఇప్పుడు ఎవరైనా ఫైలు పోయిందని వస్తే ముందు డిస్కు అడగను. "అందులో ఉన్నవాళ్ళని మీరు ఇంట్లో ఏమని పిలుస్తారండీ?" అని అడుగుతాను. చాలామంది ఆ పిలుపు చెప్పబోయి అక్కడే ఆగి కళ్ళు తుడుచుకుంటారు. తుడుచుకోనిస్తాను. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ తీస్తాను.