శనివారం మొరాయించే కారు

విడవలూరు సెంటర్లో తాటాకు షెడ్డు వేసుకున్న సమాధానం అనే మెకానిక్, బండి రాగానే బానెట్ ఎత్తేవాడు కాదు. ముందు డ్రైవరును కూర్చోబెట్టి అడిగేవాడు. ఎప్పుడు ఆగింది? దగ్గి ఆగిందా, ఉలుకూ పలుకూ లేకుండా ఆగిందా? యజమాని చెప్పేది మర్యాదకు, డ్రైవరు చెప్పేది పని కోసం వినేవాడు. చదివింది అయిదో తరగతి. బిట్రగుంట లోకోషెడ్డులో రైలింజన్లు తుడుస్తూ పెరిగిన మనిషికి కార్ల పని ఎవరూ నేర్పలేదు. పాడైన ఇంజనొకటి తూకానికి కొనుక్కొచ్చి, ఏడాదిపాటు విప్పుతూ బిగిస్తూ తనే నేర్చుకున్నాడు.

అలాంటివాడికి 1961 చలికాలంలో పేరు పోయే పరిస్థితి వచ్చింది.

సముద్రం వైపు ఏడు మైళ్ళ దూరంలో ఉన్న ఊళ్ళో కామాక్షయ్య అనే పెద్ద రైతు, కార్తీకంలో పాత ఆస్టిన్ కారు కొన్నాడు. వారమంతా బాగా నడిచే ఆ బండి, ఆయన పొద్దున్నే నెల్లూరు బయలుదేరే శనివారం నాడే మొరాయించేది. కబురందుకుని సమాధానం సైకిలు తొక్కుకుంటూ వెళ్ళేసరికి ఎండెక్కేది. ప్లగ్గులు విప్పి గీకి, వాటికి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తుడిచి, బటన్ నొక్కితే చాలు, కారు లేచేది. మూడు శనివారాలు ఇదే తంతు. శని పట్టిందన్నారు కొందరు. టీకొట్టు చెంగయ్య అయితే, "సమాధానమన్న ప్రార్థన చేస్తే గాని లేవదంటయ్యా ఆ బండి!" అని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పి నవ్వించాడు.

కామాక్షయ్య నవ్వలేదు. "వచ్చే శనివారం గూడా ఇట్టే ఆగితే మద్రాసు నుంచి మెకానిక్కును పిలిపిస్తా. ఆ తర్వాత నా బండి నువ్వు ముట్టుకోబాక" అన్నాడు. ఆయన వద్దన్న మనిషికి ఆ చుట్టుపక్కల ఎవరూ బండి ఇవ్వరని సమాధానానికి తెలుసు.

అతని భార్య రెబెక్కమ్మ అన్నం వడ్డిస్తూ అంది: "ఎండెక్కినాక పోతే నీకేం కనపడుద్ది? అది ఆగే యేళకు నువ్వాడుండాల."

ఆ శనివారం తొలికోడి కూయకముందే బయలుదేరి, చీకటి విడవకుండానే కామాక్షయ్య కొట్టం చేరాడు. సముద్రపు మంచుకు కారంతా చెమ్మగిల్లి ఉంది. బానెట్ ఎత్తాడు. డ్రైవరు మస్తానయ్య లాంతరు తేబోతే వద్దన్నాడు.

"చీకట్లోనే చూడాల. నువ్వు హ్యాండిల్ తిప్పు."

మస్తానయ్య తిప్పాడు. ఇంజన్ లేవలేదు. కానీ డిస్ట్రిబ్యూటర్ మూత మీద సన్నటి నీలిమంటలు, దారి తెలిసిన చీమల్లా, కొన్ని చారల వెంట పాకాయి. తిప్పడం ఆపించి, ఒక చారను వేలితో రాసి నాలుక్కి తగిలించుకున్నాడు.

"ఉప్పు! ఈ మూత మీద నీళ్ళు పోసిందెవురు మస్తానయ్యా?"

మస్తానయ్య ఇంటివైపు చూసి గొంతు తగ్గించాడు. "పెద్దమ్మ ప్రతి శుక్రవారం సాయంత్రం బండికి పూజ చేస్తాది గదన్నా. బండి ప్రాణం లోపలుంటాదంట, అందుకని బానెట్ ఎత్తించి బావినీళ్ళలో కలిపిన పసుపు చల్లుద్ది. శని పట్టిందన్న కాణ్ణించి రెండు చెంబులు."

సమాధానానికి నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఆ పసుపు మరకలు ప్రతిసారీ తనే తుడిచాడు. తుడిచినందుకే కారు లేచింది. లేపింది తన గుడ్డేనని తనకే తెలియలేదు!

ఇక చెప్పడమెలా? తను చర్చికి వెళ్ళే మనిషి. పూజ వల్ల ఆగిందంటే, పని చేతగాక పూజ మీదికి నెట్టాడంటారు. అందుకే ఏమీ చెప్పకుండా కామాక్షయ్యనూ, ఆయన తల్లి వెంకటశేషమ్మనూ పిలిపించాడు.

"పెద్దమ్మా, ఒక్కసారి ఇట్ట వంగి చూడండి."

హ్యాండిల్ తిరిగింది. నీలిమంటలు పసుపు చారల మీదే పాకాయి. ఆమె చాలాసేపు చూసింది.

"నా చేతి నీళ్ళేనా నాయనా?"

"పసుపు తప్పేం ల్యా పెద్దమ్మా. మీ బావినీళ్ళు ఉప్పు. ఆ ఉప్పు మంచుకు తడిసి, ప్లగ్గుకు పోవాల్సిన కరెంటును పక్కదోవ పట్టిస్తుండాది. ఎండకు ఆరితే మళ్ళీ మామూలే."

పెట్రోలుతో తడిపిన గుడ్డతో మూత లోపలా బయటా తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడిచి, ఆరనిచ్చి బిగించాడు. ఒక్క తిప్పుకే ఇంజన్ అందుకుంది. అప్పటికింకా పొద్దు పొడవలేదు.

"పూజ మాత్రం మానుకోను" అంది వెంకటశేషమ్మ.

"మానుకోమని నేనెట్టంటా? పసుపు లోపల కాకుండా బండి ముందర పెట్టుకోండి."

"అయితే యాడ పెట్టాల్నో నువ్వే చూపించు."

రేడియేటరు నుదుటి మీద సుద్దముక్కతో సున్నా చుట్టాడు సమాధానం.

కామాక్షయ్య పడీపడీ నవ్వాడు. "మా అమ్మ చెయ్యి పక్కకు జరిపినోడు ఈ ఊళ్ళో ఇంతవరకూ లేడయ్యా! మద్రాసోడెందుకు మనకు? ఎక్కు, నెల్లూరు పోతా నిన్ను దించుతా."

దుకాణాలు తెరుస్తున్న వేళకు, విడవలూరు సెంటర్లో అందరూ చూస్తుండగా, ఆస్టిన్ ముందు సీట్లోంచి దిగాడు సమాధానం. షెడ్డు ముందు నిలబడ్డ రెబెక్కమ్మ అతన్ని ఎగాదిగా చూసి, "సైకిలేదీ?" అంది.

కొట్టంలోనే మరిచిపోయి వచ్చాడు.

మర్నాడు ఆరాధన అయ్యాక ఇద్దరూ నడిచి వెళ్ళి తెచ్చుకున్నారట. దారిలో ఎవరెదురైనా, అడిగినా అడగకపోయినా, రెబెక్కమ్మే చెప్పింది: "కామాక్షయ్యగారే కార్లో దించిపోయినారు మా ఆయన్ని. ఇంక సైకిలు యాడ గుర్తుంటాది!"