నాన్న గుంటలో నా కొర్రమేను

మొన్న శనివారం బాపట్ల బజారులో, కర్లపాలెం నుంచి వచ్చే చేపలామె దగ్గర, పళ్లెంలో ఇంకా ఎగురుతున్న కొర్రమేనును కొని ఇంటికి తెచ్చాను. సంచి విప్పీ విప్పగానే వంటిల్లంతా బురద వాసన కమ్ముకుంది. పాచీ, నీచూ, ఎండిన గుంటలో తొలి వాన పడ్డప్పటి మట్టి కమ్మదనమూ కలిసిన వాసన అది. ఆ వాసనకి నేనలా నిలబడిపోయి ఉండగానే కొర్రమేను సింకులోంచి ఒక్క గెంతు గెంతి, గచ్చు మీద పడి, ఫ్రిజ్ కిందికి దారి వెతుక్కుంటూ పాకసాగింది. మా అమ్మాయి స్నేహ స్టూలెక్కి అరిచింది. ఎనభై దాటిన మా నాన్న మాత్రం చేతికర్ర టకటకలాడించుకుంటూ హుషారుగా వచ్చి, "భయపడకమ్మా, అది నీళ్లు లేకపోయినా బతుకుద్ది. గుంట ఎండగట్టి సున్నం కొట్టినా సరే, మట్టి అడుగున దాక్కుంటది. మా గుంటలో నేను కళ్లారా చూశాను" అని పాఠం మొదలుపెట్టాడు. ఈ పాఠం నేను ముప్పై అయిదేళ్లుగా వింటున్నాను. ఇందులో తప్పెక్కడుందో తెలిసినవాళ్లం లోకంలో ఇద్దరమే ఉండేవాళ్లం. మూడేళ్ల నుంచి నేనొక్కదాన్నే.

అప్పట్లో మేం రేపల్లె నుంచి తెనాలి వెళ్లే రోడ్డు పక్కన ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. నాన్న అక్కడ ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. ఇల్లు కట్టేటప్పుడు స్థలం మెరక చెయ్యడానికి పెరట్లోంచే మట్టి తవ్వారు, తవ్విన చోటు గుంటగా మిగిలిపోయింది. ఇల్లు ఎంత పైకి లేచిందో పెరడు అంత కిందికి దిగిందని అమ్మ దెప్పేది. వానాకాలంలో ఆ గుంట నిండి, గట్టున తూటికాడలు ఊదారంగు పూలు పూసి, కప్పలు రాత్రీ పగలూ తేడా లేకుండా కచేరీ పెట్టేవి. ఎండాకాలంలో కాలవకు నీళ్లు కట్టేశాక నీళ్లు మోకాలి లోతుకు దిగి, గట్లు నెర్రెలిచ్చి, పిల్లలం ఆ నెర్రెల్లో పుల్లలు పెట్టి ఎండ్రకాయల్ని బతిమాలుతూ కూర్చునేవాళ్లం.

కంచెకు అవతల కోటేశ్వరరావు బాబాయి ఇల్లు. బాబాయి అంటే చుట్టం కాదు, వరస కలుపుకున్న పక్కింటాయన. వ్యవసాయం ఆయన పని, విసురువల ఆయన ప్రాణం. చదువు రాదు గానీ పేపరు వినకపోతే తోచదు. రోజూ పొద్దున్నే గేదెల పాలు పితికి, గ్లాసుడు కాఫీ పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేవాడు. నాన్న పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీలో పెళ్లి ప్రకటనల దాకా పైకి చదివితే, బాబాయి మధ్యమధ్య "మరీ అన్యాయమండి మాస్టారూ" అంటుండేవాడు. అది అన్యాయం కాని వార్తయినా సరే. వాళ్లిద్దరి పొద్దు అలా మొదలవకపోతే మా వీధికి తెల్లవారినట్టే ఉండేది కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు నాన్న ఎక్కడో చేపల పెంపకం మీద ఒక కరపత్రం చదివాడు. చదివినవాడు ఊరుకోకుండా ఆ ఆదివారమే గుళ్లో లేచి నిలబడి, వచ్చే ఈస్టరు ప్రేమవిందుకు చేపలన్నీ మా గుంటలోవేనని సంఘమందరి ముందూ మాటిచ్చేశాడు. పాస్టరు అయ్యగారు ఆమెన్ అన్నారు. అమ్మ నెత్తి కొట్టుకుంది.

మే నెలలో ఆయిల్ ఇంజను పెట్టి గుంట తోడించారు. అడుగున జెల్లలు, మార్పులు, ఇంగిలాయిలు లాంటి నాటు చేపలు బురదలో కొట్టుకుంటుంటే వీధి వీధంతా తట్టలతో దిగింది. పాత చేప ఒక్కటి మిగిలినా కొత్త పిల్లల్ని మింగేస్తుందని కరపత్రంలో ఉందట. అందుకని నాన్న పంచె ఎగ్గట్టి, సైన్యాధిపతిలా గట్టు మీద నిలబడి ఏరించాడు. ఒక పెద్ద కొర్రమేను దొరికింది. దాని వెనకే ఉన్న వేలెడు పిల్ల ఒకటి మాత్రం నా సత్తుగిన్నెలోకి వచ్చింది. తల్లి ఆ మధ్యాహ్నమే మా ఇంట్లో పులుసైపోయింది. తల్లిని తిన్న పాపం పిల్లని పెంచితే పోతుందనుకున్నానో ఏమో, దాన్ని పెరట్లో పాత గోలెంలో దాచి, చిట్టి అని పేరు పెట్టి, వానపాములూ బొద్దింకలూ వేసి మేపాను. తినడంలో అది మా ఇంటి మనిషే అనిపించుకుంది.

గుంట పెళ్లలుగా ఎండాక నాన్న సున్నం చల్లించాడు. జూలైలో కాలవ నీళ్లు వదిలినప్పుడు దొంగ చేపలు రాకుండా, గుంటలోకి నీళ్లొచ్చే గొట్టం మూతికి అమ్మ నైలాన్ చీర నాలుగు మడతలు పెట్టి కట్టాడు. ఆ చీర మంచిదా పాతదా అన్న విషయం మీద ఇంట్లో వారం రోజులు గొడవ జరిగింది. తర్వాత బాపట్ల వైపు నుంచి బొచ్చె, శీలావతి చేపపిల్లల్ని ఆక్సిజన్ పట్టిన పాలిథిన్ సంచుల్లో తెచ్చాడు. బస్సులో దారి పొడుగునా వాటిని ఒళ్లో పెట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా వీపు తట్టినంత పని చేశాడట. సంచుల్ని నీళ్లలో తేలేసి, గడియారం చూసుకుంటూ కూర్చుని, అప్పుడు విప్పి వదిలాడు. మర్నాటి నుంచి పొద్దునా సాయంత్రం రేవు మెట్టు మీద గరిటెతో కంచం వాయించి, తవుడూ గానుగ చెక్కా కలిపిన ముద్దలు వేసేవాడు. కొన్నాళ్లకు కంచం మోగగానే నీళ్ల మీద వందల మూతులు తేలేవి. నాన్న వాటిని చూసి "అందరూ వచ్చారా?" అని అడిగేవాడు. బడి పిల్లలకి కూడా అంత ప్రేమగా హాజరు పలకలేదని మా క్లాసులో అందరి అభిప్రాయం.

ఈలోగా చిట్టి జానెడైంది. ఒకరోజు గోలెంలోంచి గెంతి కోడిపెట్టను హడలగొడితే, అమ్మ కత్తిపీట వైపు చూసింది. ఒంటరిగా పెరిగింది పాపం, అంతమంది పిల్లలున్న చోట తోడు దొరుకుతుంది కదా అని, ఆ సాయంత్రమే గిన్నెలో పెట్టుకెళ్లి గుంటలో వదిలేశాను. బడిలో చేర్పించినంత తృప్తిగా ఇంటికొచ్చి అన్నం తిన్నాను.

సంక్రాంతి దాటేసరికి కంచం మోగితే తేలే మూతులు బాగా తగ్గాయి. నాన్న మొదట కొంగల్ని తిట్టాడు, దిష్టిబొమ్మ పెట్టి దానికి తన చొక్కాయే తొడిగాడు. తర్వాత నీటిపాముల్ని అనుమానించాడు. ఫిబ్రవరిలో ఒక పొద్దున బాబాయి భుజాన వలతో, చేతిలో రెండు బొచ్చెలతో కాలవ గట్టు మీంచి వచ్చి ఎప్పటిలాగే అరుగెక్కాడు. నాన్న పేపరు మడిచి, "కాలవలోకి బొచ్చెలు ఎక్కణ్ణుంచి వచ్చాయి కోటేశ్వరరావూ?" అన్నాడు.

బాబాయికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "అంటే ఏంటండి మాస్టారూ మీరనేది?" అన్నాడు. నాన్న మడిచిన పేపరు మళ్లీ విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బాబాయి ఆ రెండు చేపల్నీ అరుగు మీద పెట్టేసి, వల సర్దుకుని వెళ్లిపోయాడు. మళ్లీ మా గడప తొక్కలేదు.

తిన్నదెవరో నాకు తెలుసు. నెలకోసారైనా నీళ్ల మీద నల్లటి వీపు ఒకటి తేలి, గుటుక్కున గాలి పీల్చుకుని మునిగిపోవడం చూస్తూనే ఉన్నాను. చెబితే నాన్న గుంట తోడించేస్తాడు, చిట్టి పులుసైపోతుంది, నా వీపు విమానం మోత మోగుతుంది. చెప్పకపోతే బాబాయి దొంగ. రోజూ చెబుదామనుకునేదాన్ని, రోజూ నోరు పెగిలేది కాదు. అన్నం కూడా సయించేది కాదు. అమ్మ నట్టల మందు తాగించింది.

విచిత్రం ఏమిటంటే నాన్న పేపరు పైకి చదవడం మానలేదు. ఇదివరకటి కంటే గట్టిగా, కంచె వైపు మొహం తిప్పుకుని, ధాన్యం రేట్లయితే రెండుసార్లు చదివేవాడు. సరిగ్గా ఆ వేళకే కంచె అవతల గేదెల గంటలు ఆగిపోయేవి. ఈస్టరు ముందు వచ్చే శ్రమదినాల్లో గుళ్లో క్షమాపణ గురించి వాక్యం చదివే వంతు నాన్నదే అయింది. ఆ ఒక్కరోజు మాత్రం ఆయన గొంతు మూడో బెంచీ దాటలేదు.

ఈస్టరు ముందు శనివారం రానే వచ్చింది. బాబాయిని పిలవనని పంతం పట్టిన నాన్న వల ఒకటి అరువు తెచ్చి, గట్టు మీద నిలబడి, కరపత్రంలో బొమ్మ ఎలా ఉందో అలా విసిరాడు. వల వెళ్లింది, వెనకాలే నాన్న వెళ్లాడు. రెండోసారి వల గట్టు మీదే ఉండిపోయి నాన్న ఒక్కడే వెళ్లాడు. తలమీద నాచుతో ఆయన పైకి లేస్తుంటే, పెద్ద డేగిసాలతో వచ్చిన సంఘం ఆడవాళ్లు చెంగులు నోట్లో కుక్కుకున్నారు. అమ్మ నా వైపు తిరిగి, "వెళ్లి బాబాయిని పిలుచుకురా" అంది.

బాబాయి పాకలో వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూడగానే పలకరింపుగా నవ్వాడు. ఆ నవ్వుకి నాకు ఏడుపు తన్నుకొచ్చింది. గోలెం దగ్గర్నుంచి మొదలుపెట్టి వెక్కుతూ మొత్తం చెప్పేశాను. బాబాయి వల పక్కన పెట్టాడు. తిడతాడనుకున్నాను.

"ఎంతుంటదే ఇప్పుడది?" అన్నాడు.

నేను మోచేతి దాకా చెయ్యి చూపించాను. బాబాయి కళ్లు మెరిశాయి. కండువాతో నా మొహం తుడిచి, "నువ్వేం మాట్లాడమాక, పద" అని వల భుజానేసుకున్నాడు.

బాబాయి విసిరితే వల గాల్లో గొడుగులా విచ్చుకుని చప్పుడు లేకుండా నీళ్ల మీద వాలేది. ఒక్కో విసురుకీ నాలుగైదు బొచ్చెలు వచ్చాయి. తక్కువే గానీ, అందరి తిండీ అవే తినడం వల్ల ఒక్కోటీ చంటిపిల్లంత ఉంది. తొమ్మిదో విసురుకి వల బరువెక్కింది. గట్టున దులిపితే చిట్టి పడింది. చిట్టి అని ఇక అనడానికి వీల్లేదు, నాన్న మూర కంటే పొడుగుంది. పడీ పడగానే తిరిగి గుంట వైపు పాకింది.

నాన్న బిత్తరపోయి చూశాడు. "ఇదెలా వచ్చింది? నేను దగ్గరుండి ఎండగట్టించానే!"

బాబాయి నా వైపు చూడనైనా చూడలేదు. "కొర్రమేనండి మాస్టారూ ఇది. ఎంత ఎండగట్టినా మట్టి అడుగున దాక్కుంటది. మీ పిల్లల్ని తిన్నది ఇదేనండి."

నాన్న బురద పంచె అంచు పిండుకున్నాడు. చివరికి, "ఇవాళ పేపరు చూశావా?" అన్నాడు.

"వినపడిందండి" అన్నాడు బాబాయి.

మర్నాడు ప్రేమవిందులో మామిడికాయ ముక్కలు వేసిన పులుసు, చేపకంటే మామిడికాయ ఎక్కువైనా, అందరికీ సరిపోయింది. చిట్టిని మాత్రం అమ్మ విడిగా వండి, తలకాయ ముక్క బాబాయికి పంపింది. నేను ఏడుస్తూనే రెండు ముక్కలు తిన్నాను. సోమవారం పొద్దున్నే బాబాయి కాఫీ గ్లాసుతో అరుగెక్కి, నాన్న ఇంకా పేపరు విప్పకముందే "మరీ అన్యాయమండి" అన్నాడు.

ఇప్పుడు ఆ గుంట లేదు. రోడ్డు పనుల మట్టి తెచ్చి పూడ్చేశారు, దాని మీద ఎవరివో రెండిళ్లు లేచాయి. తూటికాడలూ కప్పల కచేరీ పోయాయి. కంచె స్థానంలో గోడ వచ్చింది. నాన్న మా దగ్గరికి బాపట్ల వచ్చేశాడు. మూడేళ్ల క్రితం బాబాయి పోయినప్పటి నుంచి ఆయన పేపరు మనసులోనే చదువుకుంటున్నాడు.

మొన్న వంటింట్లో ఆ పాఠం మధ్యలో ఆపి, ఫ్రిజ్ కిందినుంచి కొర్రమేనును లాగుతూ లాగుతూ నేను నిజం చెప్పేశాను. నాన్న కుర్చీలో కూలబడ్డాడు. "అంటే వాడు నాతో అబద్ధం చెప్పాడా? ముప్పై అయిదేళ్లూ అది నేను పిల్లలకి పాఠం చెప్పానే!" అన్నాడు. స్నేహ పకపకా నవ్వింది. నాన్నా నవ్వాడు. నవ్వుతూనే ఆగిపోయి, "రెండు నెలలు మాట్లాడలేదే నేను వాడితో" అన్నాడు మెల్లగా.

ఆదివారం పొద్దున నేను కాఫీ పెడుతుంటే వరండాలోంచి నాన్న గొంతు వినిపించింది. గోడ వైపు కుర్చీ తిప్పుకుని, ధాన్యం రేట్లు పైకి చదువుతున్నాడు. ఒకసారి చదివి, కాసేపు ఆగి, మళ్లీ మొదట్నుంచి చదివాడు.