మద్రాసు నుంచి కలకత్తాకు: సముద్రం వైపు కిటికీ

నేను కలకత్తాకు విమానంలో పోవడానికి కారణం మా షడ్డకుడు కృష్ణమూర్తి, అంటే నా భార్య చెల్లెలు సరోజ భర్త. కిందటేడు అతను విమానంలో పోయి వచ్చాడు. తామున్న తొండియార్‌పేట పక్కగా పోతున్నప్పుడు మిద్దె మీద చెయ్యి ఊపుతున్న సరోజను చూశానని మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. నా భార్య రాజమ్మ ప్రతిసారీ కొత్తగా వినేది. "నువ్వు రైల్లోనే పో అన్నా, కంట్లో బొగ్గునుసి పడతా ఉంటే నిద్రన్నా రాదు," అనేవాడు నాతో. నేను లేచి పెరట్లోకి పోయేవాణ్ణి.

వాషర్‌మెన్‌పేటలో గోనెసంచుల కొట్టులో లెక్కలు రాస్తాను. ఏటా జనపనార మిల్లుల పని మీద కలకత్తా పోతాను. రైలుదారి వెయ్యి మైళ్ళ పైమాట, రెండు రాత్రులు. విమానం నేరుగా పోతుంది కాబట్టి ఎనిమిదివందల అరవై మైళ్ళే. విశాఖపట్నంలో ఆగినా ఆరు గంటల్లో చేరుస్తుంది. కొట్టువాళ్ళు రైలుచార్జీ ఇచ్చారు. మిగతాదానికి నా నెల జీతం పోయింది. మిద్దె మీద ఎర్రచీర పట్టుకొని నిలబడమని రాజమ్మకు చెప్పాను. ఎందుకని అడగలేదు. పెళ్ళినాటి చీర తీసి పెట్టుకొంది.

తెల్లవారగానే రిక్షాలో బీచి స్టేషనుకు, అక్కణ్ణించి కరెంటు రైలులో మీనంబాక్కం విమానాశ్రయానికి చేరాను. అక్కడ పెట్టెతోపాటు మనిషినీ తూకం వేస్తారు. గోనెసంచుల కొట్టువాణ్ణి కనుక నాకది వింతగా తోచలేదు. సీట్లకు నెంబర్లు లేవు. అందరికంటే ముందు ఎక్కి కుడివైపు కిటికీ పట్టుకొన్నాను. మా ఇల్లు సముద్రం దగ్గర, అందుకని సముద్రం వైపు.

ఒక అమ్మాయి పళ్ళెంలో పిప్పరమెంట్లు, చెవుల్లో పెట్టుకోవడానికి దూది తెచ్చింది. విమానం లేచి, నీళ్ళ మీదికి పోయి, ఉత్తరానికి మళ్ళింది. ఊరంతా ఎడమవైపున ఉందని అప్పుడు తెలిసింది. నా కిటికీలో నీళ్ళు, ఒక పడవ. లేవబోతే ఆ అమ్మాయి కూర్చోమని సైగ చేసింది. ఎడమ కిటికీ దగ్గర నెల్లూరి పెద్దమనిషి ఒకాయన కిందికి చూస్తూ నవ్వాడు.

"అద్దో, ఎవురో ఆయమ్మ మిద్దె మింద ఎర్రచీర ఊపతా ఉండాది. ఎవురికోసమో గాని, అదృష్టవంతుడు."

ఆమె నా భార్య అని చెప్పలేదు. విశాఖపట్నం దాకా ఆయన మొహం చూడలేదు.

తిరిగి రైల్లోనే వచ్చాను. రాజమ్మ మంచినీళ్ళు ఇచ్చి, "కనపడితినా?" అంది. కుడిపక్కన కూర్చున్నానని, ఎడమపక్క ఒకాయన చూశాడని చెప్పాను.

"చూసినానని చెప్పుండచ్చు గదా," అంది మెల్లగా. "కిందటేడు ఆ దినం మా సరోజ మిద్దె ఎక్కనే లేదు. దానికి జొరం. వాళ్ళాయన చూసినానంటే అది ఇంతవరకూ కాదనలా."

అబద్ధమని తేలితే నా కడుపుమంట చల్లారాలి. చల్లారలేదు. విమానం టికెట్టుకు డబ్బు కూడబెట్టుకోవచ్చు. చూడనిదాన్ని చూశానని అంత ముచ్చటగా చెప్పే నోరు కృష్ణమూర్తికి ఉంది, నాకు లేదు. ఎండలో ఎంతసేపు నిలబడ్డావని రాజమ్మను అడగాలని కూడా నాకు తోచలేదు. అతనైతే ముందు అదే అడిగేవాడు.

కలకత్తా పోయేవాళ్ళు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి, వచ్చేటప్పుడు కుడివైపు. పోయేటప్పుడు కుడివైపే దొరికితే, ఇంట్లో ఏం చెప్పాలో విశాఖపట్నం లోపలే ఆలోచించి పెట్టుకోండి.