దండాసి ఇంటి వెనుక చవితి టపాకాయలు

1913, ప్రమాదీచ నామ సంవత్సరం ఆశ్వయుజ మాసం. అప్పటికి మన ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. పలాసకు సమీపంలోని లోకల్ ఫండ్ డిస్పెన్సరీ అనే చిన్న సర్కారు వైద్యశాలలో నేను కాంపౌండరును. డాక్టరుగారు చెప్పిన మందు కలపడం, పుండ్లకు డ్రెస్సింగ్ చేయడం, కదలలేని రోగుల ఇళ్లకు వెళ్లి చూసి రావడం నా పని. చూసిన ప్రతి కేసునూ ఆ రోజే రాసిపెట్టుకోవడం నా అలవాటు. పండగ టపాకాయల గురించి ఎవరైనా నా ముందు "సరదా కదండీ" అన్నప్పుడల్లా నాకు ఒక కేసు గుర్తుకు వస్తుంది. దానిని రోగి కేసు అనడం కన్నా ఇరుగుపొరుగు కేసు అనడమే సరైనది.

రోగి పేరు దండాసి. ఉద్దానంలో కొబ్బరికాయలు వలిచే మనిషి. నేలలో నిలువుగా పాతిన ఇనుప గునపం మీద కాయను గుచ్చి, మెలితిప్పి పీచు ఊడదీస్తారు. అలా వలుస్తుండగా పట్టు జారి గునపం అరచేతిలో దిగింది. ఇంటివాళ్లు పేడా బూడిదా మెత్తి గుడ్డ కట్టారు. పుండు మానుతున్నదని అందరూ అనుకుంటున్న సమయంలో దవడలు బిగుసుకుపోయాయి.

డాక్టరుగారు చూసి టెటనస్ అన్నారు. మనవాళ్లు ధనుర్వాతం అనే జబ్బు అదే. ఒళ్లంతా విల్లులా వంగి బిగుసుకుంటుంది. దానిని మేము స్పాజమ్ అంటాము. వెలుతురు పడినా, ఎవరైనా తాకినా, చిన్న చప్పుడైనా స్పాజమ్ వస్తుంది. వచ్చినప్పుడు ఊపిరి ఆగిపోవచ్చు. బండి కుదుపులకు తట్టుకోలేడు కనుక ఆసుపత్రికి తరలించే దారి లేదు. చీకటి గదిలో పడుకోబెట్టి, క్లోరల్ అనే నిద్రమందును పళ్ల సందుల గుండా కొద్దికొద్దిగా పోస్తూ, జబ్బు తగ్గుముఖం పట్టేదాకా నిశ్శబ్దంగా కాపాడుకోవాలి. ఈ వైద్యంలో సగం మందు ఆ నిశ్శబ్దమే. అది మా డిస్పెన్సరీ అలమారాలో దొరికేది కాదు. ఇరుగుపొరుగు దయతలచి ఇవ్వవలసినది.

ఇంతలో దీపావళి దగ్గరపడింది. పక్కింటి బైరాగి కొబ్బరితోటల ఆసామి. సురేకారం, గంధకం, బొగ్గు నూరి ఇంట్లోనే తాటాకు టపాకాయలు కట్టడంలో పేరున్నవాడు. వాటి మోత పక్క ఊరికి వినిపించాలని అతని పంతం. నేను వెళ్లి సంగతి చెప్పాను.

"ఏటి బాబూ, ఏడాదికోపాలి వచ్చే పండగ! మా యీది మోగకపోతే పక్కూరోలు నవ్విపోరా? తలుపులేసుకోమనండి," అన్నాడు.

దండాసి భార్య ఆదెమ్మ అక్కడే ఉంది. "తలుపులేసే ఉన్నాయి మావా. నీ టపాకాయ తలుపు కొట్టి వత్తాదేటి?" అంది.

వాదన అనవసరమనిపించి నేను బైరాగిని దండాసి పడుకున్న గది దాకా తీసుకువెళ్లాను. అతను గుమ్మంలో నిలబడగానే చేతికర్ర జారి నేల మీద పడింది. అంతే. మంచం మీద దండాసి తలా మడమలూ మాత్రమే ఆని, మిగిలిన ఒళ్లంతా పైకి లేచి బిగుసుకుంది.

"సాలు బాబూ, సాలు," అంటూ బైరాగి వెనక్కి నడిచాడు. ఆ సాయంత్రం తానే ఇంటింటికీ తిరిగాడు. "పేల్సుకునేవోలు సముద్రపొడ్డుకి ఎల్లండి. మన యీదిలో దీపాలే. ఎవుడైనా సప్పుడు సేసినాడో, నాతోటి మాటుండదు!"

చెప్పినట్టే జరిగింది. దీపావళినాడు ఊరు ఊరంతా ఒడ్డుకు కదిలింది. వీధిలో ప్రమిదలు, చప్పుడు లేని మతాబాలు తప్ప మరేమీ లేవు. దండాసికి ఒక్క స్పాజమ్ రాలేదు. ఆ సంగతి ఎంతో తృప్తిగా రాసుకున్నాను.

మన వైపు ఒక ఆచారం ఉంది. దీపావళి టపాకాయల్లో కొన్నింటిని నాగులచవితికి దాచి, పుట్టలో పాలు పోశాక అక్కడే పేలుస్తారు. ఆ ఆచారం నాకు తెలియనిది కాదు. కాని ఆ మనిషి ఒళ్లు విల్లులా వంగడం కళ్లారా చూసిన బైరాగికి మళ్లీ చెప్పాలని నాకు ఎందుకు తోచాలి?

చవితినాటి ఉదయం నేను దండాసి ఇంటిని సమీపిస్తుండగా ఢామ్మని మోత వినబడింది. ఊరివాళ్లు కొలిచే పుట్ట సరిగ్గా అతని ఇంటి వెనుక కొబ్బరితోటలోనే ఉంది. పరుగెత్తాను. లోపల దండాసి ముఖం నల్లబడింది, ఛాతీ కదలడం లేదు. బిగువు సడలించే క్లోరోఫారం చుక్కలు గుడ్డ మీద వేసి ముక్కు దగ్గర పట్టాను. ఆదెమ్మ భర్తను ఒక్క క్షణం చూసింది. పుట్టకోసం సిద్ధం చేసుకున్న పాలగిన్నె చేతిలో ఉండగానే పెరటి తలుపు తీసుకుని వెళ్లిపోయింది. నేను రోగిని విడిచి కదలలేను. మట్టిగోడ అవతలి మాటలు మాత్రం స్పష్టంగా వినబడ్డాయి.

"మావా, ఏటిది?"

"సవితి కదే కోడలా! దీపావళికి మాటిచ్చినాను, నిలబెట్టుకున్నాను. ఇయి సవితికి దాసినవి," బైరాగి గొంతులో తప్పు చేసిన జాడే లేదు.

"ఈ సప్పుడు ఎవురికి?"

"ఇంకెవురికి, నాగులోడికి."

"పాముకి సెవులుండవని మొన్న మా పిల్లలికి సెప్పినోడివి నువ్వే కాదేటి? ఇనలేనోడికి ఇనిపిత్తన్నావు మావా. ఇనకూడనోడు ఆ గోడెనకాల ఊపిరందక పడున్నాడు."

తరువాత బైరాగి గొంతు, ఈసారి బాగా తగ్గి, వినబడింది: "ఒరే, అగ్గి ఆర్పీండి. పాలు పోసి దణ్ణమెట్టుకొని ఎల్లండి. ఎవులూ గొంతెత్తకండి."

నా చేతి కింద దండాసి ఛాతీ ఒక్కసారి ఎగిసింది. గరగరమంటూ ఊపిరి వచ్చింది, మళ్లీ వచ్చింది. బిగువు నెమ్మదిగా సడలింది.

తిరిగి వచ్చిన ఆదెమ్మను రోగి దగ్గర కూర్చోబెట్టి నేను బయటికి వచ్చాను. కోపం ఆపుకోలేదు. "మాట ఇచ్చింది పండక్కా, మనిషికా?" అని అడిగాను.

బైరాగి తల దించుకోలేదు, దబాయించనూ లేదు. "పండక్కే అనుకున్నాను బాబూ," అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. అందుకే నాకు మరింత మండింది. ఒక పూట చేతులు కట్టుకు కూర్చుంటే పొరుగువాడి బాకీ తీరిపోయిందనుకునే బుద్ధి చెడ్డవాళ్లకే కాదు, మంచివాళ్లకూ ఉంటుందని ఆనాడు తెలిసింది.

దండాసి బతికాడు. దవడలు సడలి, గంజి తాగి, గోడకు ఆనుకుని కూర్చోగలిగిన రోజున నేను అక్కడే ఉన్నాను. బైరాగి వచ్చి గుమ్మం బయటే ఆగి, గుసగుసగా అడిగాడు: "దండాసీ, ఇంక సప్పుడు సేసుకోవచ్చా?"

"ఇంకొన్నాల్లు ఆగు సిన్నాన్నా," అన్నాడు దండాసి, ముద్దముద్దగా.

"అలగే," అని బైరాగి వెళ్లిపోయాడు. ఆగాడు కూడా.

ఆ తరువాత నా ఉద్యోగకాలమంతా, ఏ రోగి కోసం వీధిని నిశ్శబ్దంగా ఉండమని అడగవలసి వచ్చినా, నేను పండగ పేరు ఎత్తలేదు. ఎన్నాళ్లని అడిగినవాళ్లకు తేదీ చెప్పలేదు. "లోపలి మనిషి బయటికి వచ్చి, ఇక పరవాలేదని తన నోటితో చెప్పేదాకా" అనే చెప్పాను. ఆ గడువు పెట్టే హక్కు అతనిదే.