బియ్యంలో ఒక పేరు, బళ్లో ఒక పేరు

మా అమ్మాయి పేరు నాంచారమ్మ. ఆ పేరు పెట్టింది నేను. పెట్టినందుకు ఇంతవరకూ విచారించలేదు, ఇకముందు విచారించే ఉద్దేశమూ లేదు. ఈ ముక్క ముందే చెప్పడం ఎందుకంటే, పేరు విన్నవాళ్లు మొదట నా ముఖం చూస్తారు, తర్వాత పాప గౌను చూస్తారు, ఆ తర్వాత "పెద్దవాళ్లు ఎవరన్నా పట్టుబట్టారా అండీ?" అని జాలిగా అడుగుతారు. పెద్దవాళ్లెవరూ పట్టుబట్టలేదు. పట్టుబట్టినవాణ్ణి నేనే. అప్పటికి పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి, విజయవాడలో ఒక ఐసు ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరుగా చేరి కొన్నాళ్లయింది.

నాంచారమ్మ మా అమ్మ పేరు. మాది బందరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లె. నాన్న పట్టిన చేపల్ని అమ్మ గంపకెత్తి బందరు మార్కెట్టుకు తెచ్చి అమ్మేది. ఇప్పటికీ అమ్ముతుంది. ఆ పేరును చిన్నప్పటి నుంచి ఎన్ని గొంతుల్లో విన్నానో వరసపెట్టి చెప్పగలను. నీళ్లు కారే గంపను టాపు మీద వెయ్యమని అరిచే బస్సు కండక్టరు గొంతులో విన్నాను. బేరం తెగక నాలుగడుగులు వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగిన ఇల్లాళ్ల గొంతులో విన్నాను. తూకం దగ్గర గొడవపడేవాళ్ల గొంతులో విన్నాను. ఏ గొంతులోనూ ఆ పేరు చివర 'గారు' వినపడలేదు. నా ఫీజూ, నా డ్రాయింగు బోర్డూ, నా హాస్టలు భోజనమూ ఆ పేరుతోనే వచ్చాయి. అందుచేత ఆడపిల్ల పుట్టిందని కంకిపాడు నుంచి కబురు రాగానే, పేరు గురించి నేను ఆలోచించవలసింది ఏమీ లేకపోయింది.

కంకిపాడు మా అత్తవారి ఊరు. వాళ్లూ మావాళ్లే. కాకపోతే మామగారి తండ్రి కాలంలోనే వల వదిలేశారు. మామగారు ఒక ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో చేపలు వండేటప్పుడు వీధి తలుపు దగ్గరగా వేసి వండుతారు. బారసాల ఇరవై ఒకటో రోజున అనుకున్నారు. ఆ ముందు ఆదివారం నేను వెళ్లి, భోజనాలయ్యాక పేరు చెప్పాను.

"ఏం పేరు?" అన్నాడు బావమరిది. వాడు విజయవాడలో బీఏ చదువుతున్నాడు. వినపడక అడిగింది కాదు.

మళ్లీ చెప్పాను.

"పాప ఇంకా పాలే తాగుతోంది బావా. అప్పుడే అరవై ఏళ్లు మీద వేస్తే ఎట్లా? స్వప్న, శిరీష, కవిత. మూడు పేర్లు తెచ్చాను. ఏదైనా తీసుకో."

"ఎక్కణ్ణించి తెచ్చావు? మీ క్లాసులో బెంచీల మీంచా?"

వాడు కాస్త ఎర్రబడ్డాడు గాని తగ్గలేదు. "పోనీ నీ మాటే ఉంచుదాం. ముందు ముక్క ఉంచి వెనక ముక్క తీసేద్దాం. నాన్సీ. కాన్వెంటులో సీటు కూడా తొందరగా ఇస్తారు."

మా అత్తగారు నవ్వలేదు. ఒక చేతిలో తమలపాకు, రెండో చేతిలో సున్నం కాయ అలాగే ఉండిపోయాయి.

"ఆ పేరు చెడ్డదని కాదు బాబూ. దేవుడి భార్య పేరు, చెడ్డదెందుకవుతుంది? కానీ మన వైపు ఆ పేరు ఎవరికి ఉంటుందో అందరికీ తెలుసు. అది విన్నాక మీరెవరని అడిగే పనుండదు. ఆ గంప దించుకోవడానికి మాకు రెండు తరాలు పట్టింది. మళ్లీ తీసుకొచ్చి పసిదాని నెత్తిన పెడతారా?"

ఆవిడ మాటలో కోపం లేదు, భయం ఉంది. కోపమైతే సర్దుకుపోయేవాణ్ణేమో. ఆ భయమే నాకు గిట్టలేదు.

"దించుకుంటే దించుకున్నారు అత్తయ్యగారూ. అది దొంగసొమ్మేం కాదు కదా, దాచిపెట్టుకోవడానికి," అన్నాను.

ఆవిడ తమలపాకుకు సున్నం రాసి మడిచింది. తర్వాత ఆవిడే దారి చెప్పింది. బారసాలనాడు పళ్లెంలో బియ్యం పోసి, తండ్రి బంగారపు ఉంగరంతో బిడ్డ పేరు రాస్తాడు. చుట్టాల ముందు అందులో నాంచారమ్మ అని రాస్తే మా అమ్మ గౌరవం నిలబడుతుంది. ఐదేళ్లు నిండి బళ్లో వేసేటప్పుడు శిరీష అనో మరొకటనో రాయించుకోవచ్చు. "అందరూ చేసే పనే కదా. బియ్యంలో ఒకటి, బళ్లో ఒకటి."

నిజమే, అందరూ చేసే పనే. నాకు తెలిసిన ఇళ్లలో వెంకమ్మ బళ్లో సుజాత అయింది, పేరమ్మ పద్మజ అయింది. బియ్యం ఆ సాయంత్రమే వండుకుంటారు. రాసిన పేరు అన్నంలో కలిసిపోతుంది. మా ఫ్యాక్టరీలో ప్రతి కంప్రెసరుకూ ఒక ఇత్తడి పలక బిగించి ఉంటుంది. ఎక్కడ తయారైంది, ఎంత ఒత్తిడి తట్టుకుంటుంది, అన్నీ దాని మీద చెక్కి ఉంటాయి. యంత్రానికి రంగు పోతే మళ్లీ రంగు వేస్తాం. పలక ఊడబెరికి వేరే కంపెనీది బిగించం. ఈ సంగతి వాళ్లకు చెప్పాను. పాపను కంప్రెసరుతో పోల్చినందుకు బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వనిచ్చాను. బియ్యంలో ఏది రాస్తే బళ్లోనూ అదే ఉంటుందని చెప్పి లేచాను.

వాళ్లు ఏమేం అంటారో బస్సులోనే ఊహించుకుని ఉన్నాను. పాతకాలపు పేరంటారు, కులం తెలిసిపోతుందంటారు, పిల్లలు వెక్కిరిస్తారంటారు. మూడింటికీ జవాబులు సిద్ధం చేసుకున్నాను. నాలుగోది గదిలో మంచం మీద పాపకు పాలిస్తున్న నా భార్య దగ్గర ఉంది.

"అంతా విన్నాను," అంది గొంతు తగ్గించి. "పేరు నాకూ ఇష్టమే. కానీ మీరు పేరు పెట్టేసి షిఫ్టుకు వెళ్లిపోతారు. రోజంతా పిలవాల్సింది నేను. అత్తమ్మ పేరు నా నోటితో ఎట్లా పలుకుతాను?"



మా ఇళ్లలో కోడలు అత్తగారి పేరు పలకదు. పలికితే ఆవిడ ఆయుష్షు తగ్గుతుందంటారు. అందుకే అత్తగారి పేరు పెట్టుకున్న పిల్లలందరూ బుజ్జిలూ చిట్టిలూ అయిపోతారు. మా అత్తగారు చెప్పిన దారిలో ఆ పేరు ఐదేళ్లకు పోతుంది. నా దారిలో ఆ సాయంత్రమే పోతుంది. తల్లి నోట పలకని పేరు ఎన్ని పుస్తకాల్లో రాయిస్తే మాత్రం ఎవరికి కావాలి?

విజయవాడ బస్సు ఎక్కవలసినవాణ్ణి రోడ్డుకు అవతలి వైపు నిలబడి బందరు బస్సు ఎక్కాను.

మార్కెట్టులో అమ్మ కత్తిపీట ముందు కూర్చుని బొమ్మిడాయిలు శుభ్రం చేస్తోంది. పక్కనే కత్తులు సానబట్టే సాయిబు. ఇద్దరూ ఏళ్ల తరబడి పక్కపక్కనే కూర్చుని పోట్లాడుకుంటున్నవాళ్లు. నేను విషయం చెప్పగానే అమ్మ చెయ్యి ఆపకుండానే తిట్టింది.

"నీకేమన్నా మతిపోయిందంట్రా? ఈ పేరు నాతో పోనీ. ఈ పేరుతో నేను బావుకున్నదేంటి?"

"డిప్లొమా బావుకున్నావు. నా గది గోడకు వేలాడుతోంది."

సాయిబు చక్రం తొక్కడం ఆపాడు. "నాంచారి మా ఆడపడుచే కదయ్యా. తిరపతి ఎంకన్నకిచ్చి చేశాం. మా పిల్ల పేరు పెట్టుకోడానికి మీ అత్తోరికి నామోషీ ఏంటంట?"

"నువ్వు సాన పెట్టు సాయిబూ, పుల్లలు పెట్టమాక," అంది అమ్మ. కానీ మొహం కొంచెం విచ్చుకుంది.

అప్పుడు నా భార్య అన్న మాట చెప్పాను. అమ్మ చేప పక్కన పెట్టి, చేతులు కడుక్కుంది.

"ఆ పిల్ల చెప్పిందే నిజం. మా అత్త పేరు బంగారమ్మ. ఆవిడ పోయిందాకా ఆ మాట నా నోటెంట రాలేదు. ఓసారి ముక్కుపుడకకని కంసాలి కొట్టుకెళ్లి 'పచ్చది కావాల'న్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, పసుపుకొమ్ములమ్మే కొట్టు అటేపుందమ్మా అన్నాడు."

సాయిబు పగలబడి నవ్వాడు. అమ్మ నవ్వలేదు. "మళ్లీ నా కోడలు కూడా ఆ పాట్లే పడాలా? ఈ బజార్లో నా పేరు పిలవనోడెవడు? తాగొచ్చినోడు కూడా పిలుస్తాడు. ఇంతమంది పిలిస్తే అరగంది, కోడలు పిలిస్తే అరిగిపోద్దా? నువ్వు రాయి. పిలిపించే సంగతి నేను చూసుకుంటా."

బారసాలనాడు అమ్మ కొత్త చీర కట్టుకుని, గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. కుర్చీ వేస్తే వద్దంది. నేను పాపను ఒళ్లో పెట్టుకున్న నా భార్య పక్కన కూర్చుని, ఉంగరంతో బియ్యంలో పేరు రాశాను. డ్రాయింగు షీటు మీద ఎలా రాస్తానో అలాగే, అక్షరాలన్నీ ఒకే ఎత్తులో రాశాను. బావమరిది భుజం మీంచి వంగి, "సగంలో ఆపినా బాగుంటుంది బావా," అన్నాడు. పూర్తి చేశాను.

తర్వాత నేను పాప చెవిలో పేరు చెప్పాలి. నేను వంగేలోపు గుమ్మం దగ్గర్నుంచి అమ్మ గొంతు వినపడింది.

"ఆగరా. ముందు కోడల్ని పిలవమను."

మా అత్తగారు కంగారుగా, "వదినగారూ, మీ పేరు అది పలకడమేంటండీ? అదేం పద్ధతి?" అంది.

"పేరు నాదండీ వదినగారూ. పద్ధతీ నాదే. నా ఆయుష్షు సంగతి నేను చూసుకుంటాగా." అని కోడలి వైపు తిరిగింది. "పిలువు తల్లీ."

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా వైపు చూసింది. అది వాళ్లిద్దరి మధ్య సంగతి. కొంగు తీసి, పాప ముఖంలోకి వంగి, ఊపిరితో అన్నట్టుగా అంది.

అమ్మ తల అడ్డంగా ఊపింది. "అంత మెల్లిగా పిలిస్తే మా బజార్లో ఒక్క చేప కూడా అమ్ముడుపోదు."

చుట్టాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నా భార్య కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వులోనే తలెత్తి, వీధిలోకి వినపడేలా, "నాంచారమ్మా" అని పిలిచింది. పాప ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. గుమ్మం దగ్గర అమ్మ, "ఆఁ, వస్తున్నా," అంటూ లేచి వచ్చి మనవరాల్ని చేతుల్లోకి తీసుకుంది. బాగా వెలుగున్న ఆ గదిలో, అందరి ముందూ.

అమ్మ ఇప్పటికీ గంప మోస్తోంది. ఆయుష్షు తగ్గిన లక్షణాలేవీ నాకు కనపడలేదు.

ఈ మధ్యనే పాపను మా వీధి చివర ఉన్న నర్సరీలో చేర్చడానికి ఇద్దరమూ వెళ్లాం. అక్కడి టీచరమ్మ పేరడిగి, పెన్ను ఎత్తి పట్టుకుని ఆలోచించింది. "మరీ పొడుగ్గా, పాతగా ఉందండీ. పిల్లలకు నోరు తిరగదు. నాన్సీ అని రాసుకోమంటారా?"

నేను ఇత్తడి పలకతో మొదలుపెట్టి అన్నీ చెప్పడానికి గొంతు సవరించుకున్నాను. నా భార్య నాకంటే ముందే అందుకుంది.

"అది మా అత్తగారి పేరండీ. నాంచారమ్మ. ఉన్నది ఉన్నట్టు రాయండి. మీ పిల్లలకు నోరు తిరక్కపోతే రేపొచ్చి నేను నేర్పిస్తాను."

టీచరమ్మ రాసింది. నేను వంగి చూశాను. అక్షరాలు ఒకే ఎత్తులో లేవు గాని, పేరు పూర్తిగానే ఉంది.