గొంతులో గులకరాయి

ఆ రోజుల్లో నాకు నా గొంతు తప్ప అందరి గొంతులూ వచ్చు. తొమ్మిదో తరగతిలో ఉండగా హెడ్మాస్టరు గారి గొంతుతో మైకులో బడికి సెలవు ప్రకటించాను. పిల్లలందరికీ ఒక పూట సెలవు దొరికింది, నాకు మాత్రం శాశ్వతంగా దొరికింది. అలా చదువు మాన్పించిన నోరే ఎనభైల చివర్లో నన్ను ఫిల్మ్‌నగర్‌లో ఓ డబ్బింగ్ థియేటరుకు చేర్చింది. గుంపులో అరుపు, టెలిఫోన్లో అవతలి మాట, తలుపు వెనక దగ్గు, ఇవీ నా పాత్రలు. (తెరమీద కనబడని మనుషులందరూ నేనే.)

ఒకరోజు నిర్మాత గారు పిలిచి నిజంగానే ఓ పెద్ద పాత్ర ఇచ్చారు. ఆయన తీస్తున్న సినిమాలో తాతగా వేసిన పెద్దాయనకు, షూటింగ్ అయ్యాక గొంతుకు ఆపరేషనై మాట పోయింది. క్యాంటీన్లో ఆ పెద్దాయన్ని అనుకరించి నవ్వించడం నాకు రోజూ ఉన్న పనే.

"అచ్చం ఆయనలాగే లాగించెయ్. ఆయనకి మాత్రం చెప్పకు, బాధపడతారు. ఇది కుదిరిందా, నువ్వు నిలబడ్డట్టే," అన్నారు నిర్మాత.

అప్పట్లో సీనును ముక్కలు చేసి, మాట కుదిరేదాకా ఒక్కో ముక్కనీ తెరమీద తిప్పుతూనే ఉండేవారు. పెద్దాయన పెదవులు కదిలాయి, మాట లేదు. మళ్ళీ మొదటికొచ్చాయి, మళ్ళీ కదిలాయి. నా నోరు పెగల్లేదు.

రహమత్‌నగర్ నుంచి వచ్చే సౌండ్ ఇంజినీరు అద్దం అవతలి నుంచి కసిరాడు. "ఏందన్నా, గట్ల చూస్కుంటనే నిలబడ్డవ్? క్యాంటీన్ల మస్తు జేస్తవ్ గదా!"

మాటలు రాసినాయన ఒకప్పటి ఇంగ్లీషు మేష్టారు. బయటికి తీసుకెళ్ళి టీ ఇప్పిస్తే, పెద్దాయనకి తెలియకుండా ఆయన గొంతెలా వాడుకోనండీ అన్నాను.

"నీకు పట్టుకున్నదాన్ని ఇంగ్లీషులో స్క్రూపుల్ అంటారోయ్. మనం ధర్మసందేహం అంటాం చూడు, అది. లాటిన్లో స్క్రూపులస్ అంటే వాడిగా ఉండే చిన్న రాయి. చెప్పులో దూరిందనుకో, కూలబడేంత నొప్పి కాదు, అలాగని నడవనివ్వదు."

"చెప్పు విప్పి దులిపేస్తే పోతుంది కదండీ?"

"దులపాలంటే ముందు ఆగాలి కదరా!"

ఆగాను. పెద్దాయన్నే అడుగుదామని శ్రీనగర్ కాలనీకి నడిచాను. (ఆ దారిలో నిజం రాళ్ళకూ కొదవ లేదు.) ఆయన కాదంటే నా పాత్ర పోయినట్టే.

ఆయన వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. "నమస్కారమండీ" అన్నంతవరకూ నా గొంతే. భయమేస్తే ఇంకొకరి గొంతు వెనక దాక్కోవడం నాకు చిన్ననాటి జబ్బు. పొద్దుటినుంచీ నోట్లో నానుతున్నదేమో ఆయన గొంతు. "అదేనండీ... మరి... తమరి పాత్రకి..." అంటూ అదే బయటికొచ్చేసింది.

లోపల ఏదో గిన్నె కిందపడింది. ఆయన భార్య పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చారు.

"ఏవండీ! గొంతొచ్చిందా?"

ఆవిడ ఆయన వంక చూశారు, తర్వాత నా వంక చూశారు. నెమ్మదిగా గడప మీద కూర్చున్నారు. "ఇంకోసారి మాట్లాడు బాబూ," అన్నారు.

"ఏం మాట్లాడమంటారండీ?" అన్నాను, ఆ గొంతుతోనే. ఆవిడ కళ్ళు మూసుకున్నారు.

నేనెందుకొచ్చానో పెద్దాయనకు అప్పటికే అర్థమైపోయింది. వేలితో దగ్గరికి పిలిస్తే, వెళ్ళి ఆయన పెదవుల దగ్గర చెవి పెట్టాను. ఆ తర్వాత ఎన్ని గొంతులు అరువు తెచ్చుకున్నానో గానీ, ఇప్పటికీ మైకు ముందు కాస్త తటపటాయిస్తే చాలు, ఆ వట్టి గాలి గుసగుసే వినబడుతుంది. ఆనాటి నన్ను తలుచుకుని నాలో నేనే నవ్వుకుంటాను.

"పట్టుకెళ్ళవోయ్ నా గొంతు. కానీ దాంతో ఇలా నీళ్ళు నమిలావంటే ఊరుకోను. నా జన్మలో నేనెప్పుడూ నమల్లేదు."