చెరువు అడుగు మంత్రగత్తె వేషం నాదే

మా ఆఫీసులో ఏటా ఒక శనివారం పిల్లల పండగ చేస్తారు. ఉద్యోగులు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. హైటెక్ సిటీలో ఇలాంటివి చాలా కంపెనీల్లో ఉన్నవే. మా దగ్గర మాత్రం ఇంకో ముచ్చట ఉంది. ఆ ఒక్కరోజు మెడలో వేసుకునే కార్డు మీద మన పేరు, హోదా ఉండవు. ఫలానా పాప వాళ్ల అమ్మ, ఫలానా బాబు వాళ్ల నాన్న అని ఉంటుంది. మా డైరెక్టరంతటివాడు కూడా ఆ రోజు ఎవరో చంటిదానికి తాతయ్య, అంతే. నాకు పెళ్లి కాలేదు, పిల్లల్లేరు. ఉద్యోగంలో చేరిన మొదటి రెండేళ్లు ఆ శనివారం జ్వరమని చెప్పి కూకట్‌పల్లిలో నా గదిలోనే పడుకున్నాను.

మూడో ఏడు నాటకం పెట్టారు. చిన్నప్పుడు అందరం చదివిన మంత్రాల కథల్లాంటిదే, మా టీంలో ఒకాయన సొంతంగా రాశాడు. చెరువు అడుగున ఒక మంత్రగత్తె ఉంటుంది. ఒడ్డున ఆడుకునే పిల్లల నీడల్ని నీళ్లలోకి లాక్కుని కుండల్లో దాచుకుంటుంది. చివర్లో చూసే పిల్లలంతా వేదిక మీదికి ఎగబడి, స్పాంజి బంతులతో దాన్ని కొట్టి, కుండలు బోర్లించి నీడల్ని విడిపించుకోవాలి. రాకుమారి వేషానికి ఐదుగురు పోటీ పడ్డారు. చేప వేషానికి కూడా ఇద్దరు వచ్చారు. మంత్రగత్తెకు మాత్రం ఎవరూ రాలేదు. సొంత పిల్లలు జడుసుకుని తమ దగ్గరికి రారేమోనని అందరికీ భయం. చివరికి పండగ పనులు చూసే హెచ్ఆర్ అమ్మాయి నా సీటు దగ్గరికి వచ్చింది.

"మేడమ్, జర మీరు చేస్తరా? మీకైతే పిల్లలు లేరు గదా, ఫికరే లేదు."

ఆ పిల్ల చెడ్డది కాదు. ఆలోచించుకునే వచ్చింది. అయినా నాకు ఒళ్లు మండింది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. ఆమె అన్న మాటలో తప్పెక్కడుందా అని ఎంత వెతికినా దొరకలేదు. సరే, చేస్తానండి అన్నాను.

ఆకుపచ్చ చీర కట్టుకున్నాను, దాని మీద పాత దోమతెర కప్పుకున్నాను, ముఖానికి నీలం రంగు పూసుకున్నాను. నేను నోరు తెరిచి అరిస్తే ముందు వరసలో పిల్లలు కుర్చీలెక్కారు. తర్వాత బంతులతో నా మీద పడ్డారు. భోజనాల దగ్గర రంగు కడుక్కోకుండానే బిర్యానీ పెట్టించుకున్నాను. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి నా దోమతెర ముట్టుకుని కేకలేస్తూ పారిపోయారు. ఆ రోజు నా కార్డు మీద "నీళ్ల కింది మంత్రగత్తె" అని రాశారు. జన్మలో అంత హాయిగా నేనెప్పుడూ అన్నం తినలేదు. వరసగా ఆరేళ్లు ఆ వేషం నేనే వేశాను.

వేషం వేసిన రెండో ఏడు, మంత్రగత్తెకు ఆ నీడలెందుకని నాటకం రాసినాయన్ని అడిగాను. "దుర్మార్గురాలు కదండీ, అందుకే," అన్నాడు. పాపం, ఆయనది నిండిన ఇల్లు. నాకు మాత్రం తెలుసు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక గదిలో అద్దం ముందు డైలాగులు చెప్పుకునేదాన్ని. గోడ అవతల పక్క వాటా పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు వినిపించేది. ఫ్యాను ఆపేసి వినేదాన్ని. ఇంట్లో ఇంకో ప్రాణి కదలాలి, అది నీడైనా సరే. ఆ సంగతి ఆయనతో చెప్పలేదు.

ఈ ఏడు నాటకం తీసేశారు. పిల్లలు భయపడుతున్నారని కొందరు తల్లిదండ్రులు అన్నారట, బదులుగా మ్యాజిక్ షో పెట్టారు. "ఈసారి మంచిగ రెస్ట్ తీసుకోండి మేడమ్," అంది హెచ్ఆర్ అమ్మాయి. హమ్మయ్య అన్నాను, అబద్ధంగా. వేషం లేకుండా అక్కడ నాకు చోటుందో లేదో తేల్చుకోవాలనిపించింది. శనివారం మామూలు చీరలో వెళ్లాను.

గేటు దగ్గర కార్డులిచ్చేది కొత్తగా చేరిన అమ్మాయి.

"మీరు ఎవరి మమ్మీ మేడమ్?"

"ఎవరి అమ్మనూ కానండి."

ఆమె "గెస్ట్" అని ఉన్న కార్డు వెతికి నా చేతిలో పెట్టింది. తొమ్మిదేళ్లుగా అక్కడ పనిచేస్తున్నదాన్ని నేను. బల్ల మీది పెన్ను లాక్కుని ఆ ముక్క కొట్టేసి, కింద ఇంగ్లీషులో నా పేరు పెద్దగా రాసి మెడలో వేసుకున్నాను.

షామియానా కింద చివరి వరసలో కూర్చున్నాను. ముందు మెజీషియన్ పావురాలు తీస్తున్నాడు. ఆరేడేళ్ల పాప ఒకతె బూట్లు కరుస్తున్నాయని విప్పేసుకుని వచ్చి నా పక్క కుర్చీ ఎక్కింది. పోయినేడు నా ముక్కు మీద గురిచూసి బంతి కొట్టింది ఈ పాపే. నన్ను గుర్తుపట్టలేదు. నా కార్డు మీది అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది.

"గిది మీ పాప పేరా?"

"నా పేరే. నాకు పాప లేదమ్మా."

"బాబున్నడా?"

"లేడు."

పాప నా వైపు పూర్తిగా తిరిగింది. "మరి ఎందుకొచ్చినవ్?"

మంత్రగత్తె గొంతు నోటిదాకా వచ్చింది. ఒక్క అరుపు అరిస్తే నేనెవరో తెలిసిపోయేది, కేక వేసి నవ్వేది కూడా. కానీ ఆ పిల్ల నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక వచ్చాను," అన్నాను.

"గట్లనా," అని తలూపి పాప మళ్లీ పావురాల వైపు తిరిగింది. ఊళ్లో మా అన్నయ్య ప్రతివారం ఫోన్ చేసి ఎలా ఉన్నావంటే, నాకేం, రాణిలా ఉన్నానంటాను. ఒక్కదాన్నే ఉండలేకపోతున్నానన్న మాట ప్రార్థనలో కూడా బయటికి అన్నది లేదు. అంతమంది ముందు మంత్రగత్తెనై అరవడం తేలికే అయింది గానీ, ఈ ఒక్క ముక్క అనడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది. కళ్లు తుడుచుకుని, షో అయ్యేదాకా ఆ పాప పక్కనే కూర్చున్నాను.